తొమ్మిది గళ్ల దూరం

"పదకొండు పాయింటు ఏడు," అన్నాడు గుమాస్తా, గోడకు అంటించిన పటం మీంచి స్టీలు స్కేలు తియ్యకుండానే. "సెంటీమీటరుకి నూరు మీటర్లు. అంటే వెయ్యిన్నూట డెబ్బై. కిలోమీటరు లోపలైతేనే ఇక్కడ సీటు. తర్వాత ఎవరండీ?"

నా వెనకున్నావిడ అప్పటికే నా భుజం మీదుగా కాగితం చాపేసింది. నేను పక్కకి జరగలేదు.

"ఇంకొక్కసారి చూస్తారా అండీ? చెయ్యి జరిగిందేమో."

"అమ్మా, ఈ స్కేలుకి నీ మీద కోపమూ లేదు, నా మీద ప్రేమా లేదు. ఉన్నది చెప్తుంది. జరుగు."

వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ బుడంకాయ తలెత్తి, గదిలో అందరికీ వినపడేలా అడిగింది. "అమ్మా, మనకి పదకొండు మార్కులొచ్చాయా?"

ఈసారి వరసంతా నవ్వింది.

ఎండాకాలం ఆఖరు రోజులవి. బడిలో పిల్లల్ని చేర్చుకునే రోజులు. బుడంకాయకి అయిదు నిండాయి. దానికి వేరే మంచి పేరుంది గానీ, పుట్టినప్పుడు గుండ్రంగా ఉండేదని ఆ పిలుపే నిలిచిపోయింది. పటంలో బడి గేటు దగ్గర ఒక ఎర్ర చుక్క పెట్టారు. ఆ చుక్క నుంచి ఇంటి దాకా తిన్నగా గీత గీస్తే కిలోమీటరు దాటకూడదు. నియమం అంతే. రెండో బడి పెద్ద రోడ్డు అవతల. నాలుగు వరసల లారీలు దాటి వెళ్లాలి. నేను మేడ మెట్లు దిగేటప్పుడే దాని చెయ్యి వదల్లేని మనిషిని. అది నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి చూసుకునే మనిషిని. తాళం వేసి వీధి చివరి దాకా వెళ్లి, వేశానో లేదో అని వెనక్కి వచ్చే మనిషిని.

ఆ ఆదివారం మా ఆయన ఫోన్ చేశారు. మేం ఈ ఊరొచ్చిన మూడో నెలలోనే ఆయన్ని కంపెనీవాళ్లు వంతెన పనికి పంపేశారు. పదకొండు గంటల రైలు ప్రయాణం. అక్కడ క్రేను నడుపుతారు. ఆయన మాట్లాడుతుంటే వెనక ఎప్పుడూ ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు వినిపిస్తుంది.

"దీనికింత బాధెందుకు? అమ్మ దగ్గర పెడదాం. వాళ్ల వీధి చివరే బడి. నెలాఖరుకి నేను వస్తున్నాగా, వెళ్తూ దాన్ని తీసుకెళ్లి దింపేస్తా. నీకూ పని తెములుతుంది."

ఫోన్ పెట్టేసిన పావుగంటకే అత్తగారు చేశారు. "నువ్వు హైరానా పడకమ్మా. కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటా. దానికోసం చిన్న కుర్చీ కూడా చూసిపెట్టా."

ఆ మాటల్లో ఒక్క ముల్లు కూడా లేదు. అందుకే ఎక్కడ పట్టుకుని కాదనాలో తెలియలేదు. సరేనండీ, చూద్దాం అన్నాను. తర్వాత కుట్టుమిషను ముందు కూర్చుని ఒకే అంచు రెండుసార్లు కుట్టేశాను.

నా పని అదే. టైలరు షాపు మాస్టరు కత్తిరించిన ముక్కలు పంపిస్తారు. నేను ఇంట్లో అంచులు మడిచి కుట్టి, గుండీలు పెట్టి తిరిగిస్తాను. మాస్టరుతో తప్ప నాకు ఊళ్లో మాటలు లేవు. ఆయనతోనూ మాటలు "ఎన్ని?", "ఎప్పటికి?" వరకే. మిగిలిన మాటలన్నీ బుడంకాయతోనే. పొద్దున్న పళ్లు తోముకుంటూ మొదలుపెడితే, దుప్పటి కింద దాని గొంతు మత్తుగా మారేదాకా. అది వెళ్లిపోతే ఈ గదిలో నా గొంతు నాకే వినపడి ఎన్ని రోజులవుతుందో అనుకున్నాను. ఆ ఆలోచనకి సిగ్గేసింది. బడి దానికోసమా, నాకోసమా?

మర్నాడు బడి ఎదురుగా ఉన్న జిరాక్సు షాపుకి వెళ్లాను. అక్కడ పటం కాపీలు దొరుకుతాయని వరసలో ఎవరో అనగా విన్నాను. షాపావిడ చెవి మీద పెన్సిలు పెట్టుకుని, మిషను మూత మీద మోచెయ్యి ఆనించి ఉంది.

"ఏం కావాలి టేపమ్మా?"

మెడలో టేపు తియ్యడం మర్చిపోయి వచ్చానని అప్పుడు చూసుకున్నాను.

"పటం కాపీ అండీ. బడిది."

"అందరూ అదే. పై ఆఫీసు నుంచి బడికి ఒరిజినల్ వచ్చినప్పుడే ఒక కట్ట తీసి ఉంచా. ఇదిగో." చేతిలోకి వచ్చింది మామూలు కాగితం. గోడ మీదున్న పటమే, చిన్నది. కింద మూలలో అదే రాత, చీమల బారులా. ఒక సెంటీమీటరు = నూరు మీటర్లు.

షాపు మెట్టు మీదే కూర్చుని టేపు పెట్టాను. పటంలో ఇంటికో చిన్న గడి గీశారు. మా ఇంటి గడి వెతకడానికే చాలాసేపు పట్టింది. నీళ్ల ట్యాంకు పక్కన మూడో గడి అని గోడ మీద గుమాస్తా వేలు పెట్టిన చోటు గుర్తుంది కాబట్టి సరిపోయింది. గోడ మీద ఎర్ర సిరాతో దిద్దిన చుక్క ఇందులో నల్లగానే ఉంది. ఆ చుక్క నుంచి మా గడికి నాలుగున్నర సెంటీమీటర్లు. మళ్లీ పెట్టాను. నాలుగున్నరే. నాలుగు వందల యాభై మీటర్లు! బుడంకాయని చంకనేసుకుని రోడ్డు దాటి, వరసని కూడా దాటి, బల్ల ముందుకు పోయాను.

"అయ్యా, మీరు తప్పు కొలిచారు. చూడండి. నాలుగున్నరే."

గుమాస్తా కాగితం అందుకున్నాడు. నా టేపు వంక చూశాడు. కాగితం పైకెత్తి వరసకి చూపించాడు.

"చిన్న కాగితంలో ఊరంతా దగ్గరే అమ్మా! దీన్ని కుదించి తీశారు. అగ్గిపెట్టె మీద వేసి తెస్తే మీ ఇల్లు మా గేట్లోనే ఉంటుంది." నవ్వులు ఆగేదాకా ఆగాడు. "ఎంతదాకా చదివావు?"

"ఏడు."

"ఇవి ఎనిమిదిలో చెప్తారు." కాగితం తిరిగిచ్చాడు. కోపంగా కాదు, జాలిగా. "పేర్ల జాబితా ఇరవై అయిదున మూసేస్తాం. ఈలోగా ఇంకో బడి చూసుకో."

బయటికొచ్చి గేటు పక్కన నిలబడ్డాను. రోడ్డు అవతల నుంచి షాపావిడ అంతా చూసినట్టుంది. చెయ్యి ఊపి పిలిచింది.

"ఏమన్నాడు మీ స్కేలాయన?"

చెప్పాను. అగ్గిపెట్టె మాట దగ్గర ఆవిడకీ నవ్వొచ్చింది, ఆపుకుంది. బల్ల కింద పాడైన కాపీల అట్టపెట్టె లాగింది. "ఎనిమిదో క్లాసు భూగోళం ఎవరో తీయించుకున్నారు. ఇంకు ఎక్కువై కొన్ని పేజీలు మసి కొట్టాయి. కావాలంటే పట్టుకుపో. చిత్తు కాగితాలే."

పధ్నాలుగు పేజీలు. పటాలు చదవడం అనే పాఠం. నేను బడి మానేసిన ఏడాది తర్వాతి ఏడాదిది.

జాబితా మూసేదాకా మిగిలిన ఆ పదిహేను రోజులూ మధ్యాహ్నాలు నేనూ ఆ పేజీలే. మొదటి పేజీలో ఉత్తరం ఎప్పుడూ పైనే ఉంటుందని ఉంది. అంతవరకూ నేను పటం పైభాగం అంటే బడి గేటు ఉన్న వైపు అనుకున్నాను. పొద్దున్న ఎండ కిటికీలోంచి వచ్చే వైపు నా కుడి చెయ్యి చాపి, కాగితాన్ని నేల మీద తిప్పి తిప్పి పెడితే ఒక్కసారిగా ఊరు సర్దుకుంది. రైలుపట్టాలు నిజంగానే నా ఎడమ పక్కకి వచ్చేశాయి. రేకుల గోడౌను నా వెనక్కి వచ్చింది. నిచ్చెనలాంటి గీత రైలుదారి, నల్ల గుండ్రం నీళ్ల ట్యాంకు, చుక్కల గీత కాలిబాట. ఒంటరిగా తిరిగి తిరిగి భయపడ్డ వీధులకి ఇక్కడ మొదలూ చివరా ఉన్నాయి. నేను దారి తప్పాననుకుని పరిగెత్తిన సందు, పటంలో చూస్తే మా ఇంటి వెనకాలే.

"ఇందులో మనం ఎక్కడున్నాం?" అని అడిగింది బుడంకాయ.

గడి చూపించాను. అది ఒప్పుకోలేదు. "అది ఇల్లు. మనం ఏవీ?" గుండీల డబ్బా తెచ్చి, పెద్ద నల్ల గుండీ ఒకటీ, చిన్న తెల్లది ఒకటీ మా గడి మీద పక్కపక్కన పెట్టింది. "ఇది నువ్వు, ఇది నేను." తర్వాత గోధుమరంగు కోటు గుండీ ఒకటి పట్టుకుని కాగితం చుట్టూ తిరిగింది. "నాన్నేడీ?"

"నాన్న ఈ కాగితంలో పట్టరే."

అది ఆలోచించింది. గోధుమ గుండీని తీసుకెళ్లి గది అవతల, గుమ్మం పక్కన నేల మీద పెట్టి వచ్చింది. ఊడ్చినప్పుడల్లా దాన్ని తీసి మళ్లీ అక్కడే పెట్టేదాన్ని.

కొలతల పేజీ దగ్గర ఆగిపోయాను. సగం మసి. "పటాన్ని పెంచినా కుదించినా" అన్నంత వరకే కనపడింది, ఆ తర్వాత రెండు లైన్లు నలుపు. దాని కింద ఒక బొమ్మ, నలుపు తెలుపు గళ్లు వరసగా పేర్చిన చిన్న పట్టీ. అలాంటిదే నా పటంలోనూ ఉంది, కింద మూలలో. సున్నా నుంచి అయిదు వందల దాకా అయిదు గళ్లు. అది అలంకారానికి వేశారనుకున్నాను.

తొలి వాన పడ్డ రోజున మాస్టరు కట్ట పంపారు. పిల్లల గౌన్లు, సాగే గళ్ల బట్ట. ముక్కని బల్ల మీద పరిచి టేపు పెడితే ఒకసారి ఒక కొలత, ఇంకోసారి ఇంకో కొలత. ఫోన్ చేశాను.

"ఈ బట్ట ఒక్క మాట మీద నిలబడట్లేదు మాస్టారూ."

"సాగే బట్టకి టేపు పెట్టకమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి! గళ్లు లెక్కపెట్టుకో. బట్ట సాగితే గడీ సాగుతుంది. గళ్ల లెక్క మారదు."

సరే అని పెట్టేశాను. నాలుగు గళ్ల దగ్గర మడుపు పెట్టి, మిషను తొక్కడం మొదలుపెట్టాను. అంచు సగంలో పాదం ఆగిపోయింది.

గళ్ల లెక్క మారదు.

పటం తీశాను. గుండీలు పక్కకి జరిగితే బుడంకాయ "మనం పడిపోయాం!" అని అరిచింది. కాగితం ముక్క ఒకటి చించి, దాని అంచుని బడి చుక్కకీ మా గడికీ ఆనించి రెండు గుర్తులు పెట్టాను. దాన్ని తీసుకెళ్లి గళ్ల పట్టీ పక్కన పెట్టాను. అయిదు గళ్లు నిండాయి. జరిపి మళ్లీ పెట్టాను. ఇంకో నాలుగు. తొమ్మిది గళ్లు. గడికి నూరు మీటర్లు.

తొమ్మిది వందలు.

ఈసారి పరిగెత్తలేదు. ఒకసారి నవ్వులపాలైనదాన్ని. నా చిన్న పటం తొమ్మిది వందలంటోంది, గోడ మీదున్న పెద్ద పటం వెయ్యిన్నూట డెబ్బై అంటోంది. గోడ మీదిది అసలైనదైతే తప్పు నాదే. వాన తగ్గాక గొడుగు పట్టుకుని జిరాక్సు షాపుకి వెళ్లాను.

"గోడ మీదున్న పటం ఆఫీసు నుంచి వచ్చిందేనా అండీ?"

"ఆఫీసుదా! అదీ నేను తీసిందే. ఆ వచ్చిందాంట్లో అక్షరాలు కనపడట్లేదు, వరసలో వాళ్లకి కూడా కనపడేలా పెద్దది చెయ్యి అన్నాడు మీ స్కేలాయన. మిషను మీద నూట ముప్పై శాతం పెట్టా. రెండు ముక్కలుగా తీసి అతికించా. ఆఫీసుది ఆ సాయంత్రమే వెనక్కి వెళ్లిపోయింది." చెవి మీది పెన్సిలు తీసింది. "ఏం, అతుకు ఊడిందా?"

"లేదండీ. బాగానే ఉంది."

ఇరవై నాలుగో తారీకు. గదిలో తడి గొడుగుల వాసన. వరసలో నిలబడ్డాను. నా ముందు ఎనిమిది మంది. ఒక్కొక్కరి ఇల్లూ కొలుస్తుంటే నేను గోడ మీది పటం కింద మూలనే చూస్తున్నాను. నోట్లో మాటలు వరసగా పేర్చుకుంటున్నాను, బుడంకాయ మధ్యలో ఏదో అడిగితే అవన్నీ చెదిరిపోతున్నాయి.

"మళ్లీ వచ్చావా?" అన్నాడు గుమాస్తా. "ఈసారి ఏం తెచ్చావు, అగ్గిపెట్టా?"

"ఏం తేలేదండీ. ఒక్కటి అడిగి వెళ్లిపోతా. ఆ కింద గళ్లున్నాయి కదా, ఒక్కో గడి ఎంతండీ?"

"నూరు మీటర్లు. రాసే ఉంది."

"సెంటీమీటర్లలో?"

"నూరు మీటర్లంటే సెంటీమీటరే కదమ్మా. అదీ రాసే ఉంది."

"మీ స్కేలుతో ఒకసారి పెట్టి చూస్తారా?"

ఆయన వరస వంక చూశాడు, ఈవిణ్ణి చూశారా అన్నట్టు. కుర్చీలోంచి సగం లేచి, వంగి, స్కేలు పెట్టాడు. వెంటనే తీసేస్తాడనుకున్నాను. తియ్యలేదు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. పక్క గడి కొలిచాడు. తర్వాత అయిదు గళ్లూ కలిపి కొలిచాడు. పెదాలు కదిలాయి గానీ అంకె బయటికి చెప్పలేదు.

"ఒకటి పాయింటు మూడు ఉండాలండీ," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినపడింది. "కాగితం సాగినప్పుడు గళ్లు కూడా సాగాయి. రాత సాగలేదు."

పైన ఫ్యాను తిరుగుతోంది. పటం అతుకు దగ్గర కొంచెం లేచి పడుతోంది. ఆయన ఎర్ర చుక్క దగ్గర నుంచి మా గడికి కాగితం అంచు ఆనించాడు, గుర్తు పెట్టాడు, కిందికి తెచ్చి గళ్ల పక్కన జరిపాడు. అది ఎలా చెయ్యాలో ఆయనకి తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. అలా చెయ్యాల్సి ఉందని తోచలేదంతే.

"ఏమైందండీ?" అంది వరసలో ఒకావిడ.

"ఏం కాలేదు." కుర్చీలో కూర్చుని సొరుగు లాగి, పక్కన పెట్టేసిన దరఖాస్తుల కట్ట పైకి తీశాడు. ఒక్కొక్కటీ తిరగేస్తూ మీటర్ల అంకె దగ్గర ఆగుతూ, పదమూడు వందలు దాటనివి విడిగా పెట్టాడు. అలా పెట్టినవి పధ్నాలుగు. పై కాగితం నాది. నా వంక చూడకుండా అన్నాడు. "రేపు పిల్ల పుట్టిన కాగితం తీసుకుని రా. వీళ్లందరికీ కూడా కబురు పెట్టాలి."

"అలాగేనండీ."

బయటికి వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచాడు. "అమ్మా, ఎనిమిది చదవలేదన్నావు కదా?"

"లేదండీ. మసి కొట్టిన పాఠం దొరికింది," అన్నాను. ఆయనకి అర్థమై ఉండదు.

ఆదివారం ఫోన్లో మా ఆయనకి సీటు సంగతి చెప్పాను. వెనక ఇనుము చప్పుడు వస్తోంది. "దానికి టికెట్టు కూడా తీశానే," అన్నారు. తర్వాత, "సర్లే, రద్దు చేస్తా. అమ్మకి నేను చెప్తాలే." ఆపైన, "నువ్వే కొలిచావా?" అని అడిగారు. అవునన్నాను. ఎలా అని అడుగుతారేమో, చెప్దామని అన్నీ సిద్ధం చేసుకున్నాను. అవతల ఎవరో కేకేశారు, పెట్టేశారు. చిన్న కుర్చీ మాట అత్తగారు ఎత్తలేదు. నేనూ అడగలేదు. నెలాఖరుకి ఆయన వచ్చి నాలుగు రోజులుండి వెళ్లారు. గుమ్మం దగ్గర గుండీ ఆయన కాలికి తగిలితే కిటికీలో పెట్టారు. ఆయన వెళ్లాక బుడంకాయ దాన్ని తెచ్చి మళ్లీ నేల మీద పెట్టింది.

బడి తెరిచిన రోజు పొద్దున్నే అది నాకంటే ముందు లేచింది. నేను జడ వెయ్యడానికి దువ్వెన వెతుకుతుంటే బల్ల దగ్గర ఏదో చేసుకుంటోంది. గేటు దాకా దారి పొడవునా అడుగులు లెక్కపెట్టింది. వంద తర్వాత ఏమొస్తుందో తెలియక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకునే లోపలికి నడిచింది. టీచరు ఆ చెయ్యి విడిపించి, "అమ్మ ఇంటికెళ్లి వస్తుందమ్మా" అంది. బుడంకాయ నన్ను చూసింది. ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు అన్నట్టు చూసింది. అప్పటికి లోపలి గంట కొట్టారు.

ఇంటికి వచ్చేటప్పుడు దారి తప్పలేదు. ట్యాంకు దాటి, గోడౌను గోడ వెంట, సందులోంచి. మెట్లెక్కి తలుపు తీశాను. గది నేను వదిలివెళ్లినట్టే ఉంది. మిషను మీద ముక్కలు, మంచం మీద దాని పాత గౌను. "వచ్చేశా" అన్నాను, అలవాటుగా.

బల్ల మీద పటం పరిచి ఉంది. మా ఇంటి గడి ఖాళీగా ఉంది. బడి చుక్క మీద రెండు గుండీలూ పక్కపక్కనే ఉన్నాయి. చిన్న తెల్లదీ, పెద్ద నల్లదీ. పొద్దున్నే లేచి అది చేసుకున్న పని అదన్నమాట. ఇద్దరం వెళ్తున్నామనుకుంది.

చాలాసేపు వాటిని ముట్టుకోలేదు. కింద వీధిలో ఎవరో సైకిలు ఆపి, మళ్లీ తొక్కుకుపోయారు.

తర్వాత నల్ల గుండీని తీసి, కాగితం మీద వేలితో జరుపుకుంటూ, తొమ్మిది గళ్లు వెనక్కి తెచ్చి మా గడిలో పెట్టాను. మిషను ముందు కూర్చున్నాను. బడి వదిలేది మూడున్నరకి. గడియారంలో తొమ్మిదింపావు అయింది.